గడ్డిలో మచ్చల రాయి

రాయి సూటిగా వెళ్లి రేకు డబ్బాకు తగిలింది. ఠంగుమనలేదు. టప్పున పగిలిపోయింది.

సిసింద్రీ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. డబ్బా మీంచి పసుపుపచ్చటి సొన జారుతోంది. అందులో సన్నటి ఎర్రటి చారలు.

"అది... అది రాయి కాదురా!" అంది.

పక్కనున్న వాగుడుకాయ నోరు తెరిచాడు. మాట రాలేదు. పరీక్ష రాస్తున్నప్పుడు కూడా మూతపడని నోరది.

ఊరి చివరి గడ్డి మైదానాన్ని శుభ్రం చేయడానికి ఐదో తరగతి పిల్లలంతా వచ్చారు. కొందరు అమ్మానాన్నలు కూడా వచ్చారు. "చెత్త మాత్రమే ఏరండి. కాలిబాట దిగొద్దు," అని సైన్స్ మిస్ పొద్దున్నే చెప్పారు. మధ్యాహ్నానికి సంచులు నిండాయి. వీళ్లిద్దరికీ విసుగు పుట్టింది. బాట దిగి, డబ్బాను నిలబెట్టి, గురి చూసి కొట్టే ఆట మొదలుపెట్టారు.

"మిస్ తిడతారేమో," అన్నాడు వాగుడుకాయ.

"ఇక్కడేముందిరా, ఉత్త గడ్డేగా!" అంది సిసింద్రీ.

కాళ్ల దగ్గర మచ్చలు మచ్చలుగా, నున్నగా ఉన్నదేదో కనిపిస్తే తీసి విసిరింది. చేతికి గోరువెచ్చగా తగిలింది. ఎండకు కాగిందనుకుంది.

ఇప్పుడు మెల్లగా కిందికి చూసింది. నేలలో చిన్న గుంట. గులకరాళ్ల మధ్య అలాంటివే ఇంకో మూడు. తన బూటుకు జానెడు దూరంలో!

ఎక్కడ తొక్కేస్తానో అని ఎత్తిన కాలు దించకుండా ఒంటికాలి మీద నిలబడిపోయింది. నెత్తి మీద ఒక పిట్ట గొంతు చించుకుని అరుస్తూ తిరుగుతోంది. ఎప్పటి నుంచి అరుస్తోందో! ఆటలో పడి ఇద్దరూ వినిపించుకోలేదు.

వాగుడుకాయ బాట వైపు తొంగి చూశాడు. "ఎవరూ చూడలేదు. డబ్బాను సంచిలో వేసేద్దాం."

"అది చూసిందిగా," అంది సిసింద్రీ, పైకి చూస్తూ. తర్వాత గట్టిగా అరిచింది. "మిస్! ఇటు రండి! కాదు, రాకండి! అక్కడే ఆగండి! ఇక్కడ గుడ్లున్నాయి!"

మిస్ ఉన్నచోటే ఆగిపోయారు. "కంగారు పడకండి. ఒక్కో అడుగూ చూసుకుంటూ వెనక్కి రండి."

ఇద్దరూ బాట మీదికి వచ్చారు. సిసింద్రీ డబ్బా వైపు వేలు చూపించింది. "నేనే పగలగొట్టాను, మిస్. రాయనుకున్నా. అక్కడ ఇంకో మూడున్నాయి."

మిస్ మొహం పాలిపోయింది. తిట్టలేదు. తిట్టి ఉంటేనే బాగుండుననిపించింది సిసింద్రీకి.

"మిగతా మూడూ ఎండలో ఉన్నాయి. మనం ఇక్కడుంటే తల్లి దిగదు. పదండి," అన్నారు మిస్.

అందరూ మైదానం గేటు దాకా వెనక్కి వెళ్లారు. "చెట్టు మీద గూడు కట్టుకోవచ్చుగా మిస్?" అని గుసగుసగా అడిగాడు వాగుడుకాయ.

"తీతువు పిట్ట చెట్టెక్కదురా. దానికి ఈ గడ్డి నేలే ఇల్లు."

"అయితే నేను దాని ఇంట్లో దూరి..." అంది సిసింద్రీ.

చాలాసేపటికి పిట్ట దిగింది. గబగబా నాలుగడుగులు వేసి ఆగింది. అటూ ఇటూ చూసింది. చివరికి గుంట మీద సర్దుకుని కూర్చుంది.

"కూర్చుంది!" అన్నాడు వాగుడుకాయ.

"మూడింటి మీదే," అంది సిసింద్రీ.

గేటు బయట హారన్ మోగింది. సిసింద్రీ నాన్న ఎలక్ట్రీషియన్. వ్యాన్‌ను సగం రోడ్డు మీద, సగం గడ్డిలో నిలిపాడు. "తొందరగా ఎక్కమ్మా! ఇంకో ఇంట్లో ఫ్యాను బిగించాలి," అంటూ బండి వెనక్కి తిప్పబోయాడు.

"ఆగు నాన్నా! కదలకు!"

ఆ అరుపుకు ఉలిక్కిపడి బ్రేకు తొక్కాడు. "ఏమైందే?"

సిసింద్రీ వ్యాన్ దగ్గరికి పరిగెత్తింది. మోకాళ్ల మీద కూర్చుని ముందు చక్రాల దగ్గర, వెనక చక్రాల దగ్గర గడ్డిని మెల్లగా పక్కకు తప్పించి చూసింది. చిన్న చిన్న రాళ్లను కూడా వంగి వంగి చూసింది. అప్పుడు లేచి వ్యాన్ వెనక వైపుకు నడిచింది.

"ఇప్పుడు మెల్లగా రా నాన్నా. నేను చూసుకుంటూ నడుస్తా."