పడమటి కిటికీ మీద అభ్యంతరం

"మూడోసారి కూడా కాదన్నారండీ! ఇంకోసారి కరెంటు పోతే మా ఆయన నాకు దక్కరు." అంది ఫోనులో టీచరమ్మ.

ఊరంతా కళ్ళజోడు అని పిలిచే డిటెక్టివ్, అసిస్టెంటుతో వెంటనే ఆ ఇంటికి వెళ్ళాడు. టీచరమ్మ భర్త ఆక్సిజన్ మిషన్ మీదే బతుకుతున్నాడు. పైన సోలార్ పలకలు, ఆయన గదిలో గోడకి బ్యాటరీ బిగించి నెలయింది. మున్సిపాలిటీ అనుమతి లేనిదే స్విచ్ వేయకూడదు.

కొత్త పద్ధతిలో మూడు రోజుల్లోగా ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే కంప్యూటరే అనుమతి ఇచ్చేస్తుంది. కానీ ప్రతిసారీ మూడోరోజు సాయంత్రం ఇన్‌స్పెక్టర్ పేరుతో ఒకటే మాట ఊడిపడుతోంది: బ్యాటరీ పక్కన పడమటి కిటికీ ఉంది, కిటికీ పక్కన బ్యాటరీ పెట్టకూడదు.

"ఆ కిటికీని బ్యాటరీ పెట్టకముందే సోలార్ మేస్త్రీ చేతే ఇటుకలతో మూయించాం. తెర మాత్రం ఉంచేశాం. ఈ సంగతి ఫోనులో చెప్పుకుందామంటే మనిషే లేడు, అంతా కంప్యూటరే!" అందామె.

ఆఫీసులో ఇన్‌స్పెక్టర్ తల పట్టుకున్నాడు. "నేను రాయలేదు మొర్రో! స్వయంగా వెళ్ళి చూసొచ్చాను, అంతా బాగుంది. నా పాస్‌వర్డ్ గుమాస్తాకీ, సోలార్ మేస్త్రీకీ కూడా తెలుసు. రాసిందెవరో తేలేదాకా నన్ను ఫైలు ముట్టుకోనివ్వరు."

"నేను కుర్చీ దిగి ఎరగను బాబూ," అన్నాడు ముసలి గుమాస్తా, పాత ఇళ్ళ ప్లాన్లున్న బీరువాకి తాళం వేస్తూ.

మర్నాడు ముగ్గురినీ, వాళ్ళ పై ఆఫీసర్నీ రోగి గదిలో కూర్చోబెట్టాడు డిటెక్టివ్. ఇంతలో కరెంటు పోయింది. మిషన్ కీచుమని ఆగింది. టీచరమ్మ చిన్న సిలిండర్ తగిలించింది. అది పావుగంటే వస్తుంది.

"ఉక్కపోస్తోంది. ఎవరైనా ఆ కిటికీ తీయండి," అన్నాడు డిటెక్టివ్.

ఇన్‌స్పెక్టరూ మేస్త్రీ అయోమయంగా మొహాలు చూసుకున్నారు. గుమాస్తా లేచి తెర లాగాడు. ఎదురుగా గోడ! అసిస్టెంటు నోరెళ్ళబెట్టాడు.

"ఇటుకలు పేర్చింది మేస్త్రీ. వచ్చి చూసింది ఇన్‌స్పెక్టర్. బీరువాలోని పాత ప్లాను చూసి రాసిన మీకే ఇక్కడ కిటికీ లేదని తెలీదు. ఎందుకు చేశారు?"

గుమాస్తా మొహం పాలిపోయింది. "ముప్ఫై ఏళ్ళు జనం నా బల్ల చుట్టూ తిరిగారు. ఇప్పుడు ఒక్కరూ రారు. ఇలా ఆపితే వస్తారనుకున్నా. ఈయన సంగతి నాకు తెలీదమ్మా! ఒక్కసారి వచ్చి అడిగుంటే ఆ క్షణమే వదిలేసేవాణ్ణి."

పై ఆఫీసరు ఫోనులోనే అభ్యంతరం కొట్టేసి అనుమతి ఇచ్చేసింది. మేస్త్రీ స్విచ్ వేశాడు. మిషన్ మళ్ళీ ఊపిరి అందుకుంది.

టీచరమ్మ, భర్త చెయ్యి వదలకుండానే గుమాస్తా వైపు తిరిగింది. "వద్దామనే అనుకున్నా బాబూ. ఈయన్ని వదిలి గడప దాటలేకపోయాను."