పట్టించుకోకూడని మడి

"మూడు నెలలుగా ఇదే తంతు అమ్మా. సాయంత్రం నేను తోడేసి రాత్రి ఫ్రిజ్‌లో పెడతాను, పొద్దున్నకి గిన్నె ఖాళీ," అన్నాడు జయదేవ్, గిన్నె వంచి చూపిస్తూ.

"మజ్జిగ చేసుకుని తాగానని చెప్పానుగా," అంది ప్రవళికమ్మ తల తిప్పకుండా.

"రోజూ లీటరా? డెబ్భై రెండేళ్ళకి?"

"దాహం వయసు చూసి వేస్తుందేంట్రా."

"తలుపు ఐదూ నలభైకి తెరుచుకుంది," అని ఫ్రిజ్ సాక్ష్యం చెప్పబోయింది. ప్రవళికమ్మ దాని మీట నొక్కి నోరు మూయించింది. పన్నెండేళ్ళ తన్మయి పకపకా నవ్వి, "నానమ్మ ఎక్కడో పిల్లిని పెంచుతోంది నాన్నా," అంది.

ఇందీవర ఆ గొడవలో తలదూర్చలేదు. భర్తకీ అత్తగారికీ మధ్య పెరుగు తగువు ఎప్పుడూ ఉండేదే. ఆమె మనసంతా ఆ రోజు జరగబోయే కౌన్సిల్ సమావేశం మీదే ఉంది.

అది 2071వ సంవత్సరం. కొత్తరేవు నగరంలో నూట పన్నెండు పార్కులున్నాయి. వాటి నిర్వహణ కాంట్రాక్టు ఎప్పుడూ తక్కువ ధర రాసినవాడికే దక్కేది. అధికారులు తనిఖీకి వచ్చే ముందురోజు వాడు ఎండిన గడ్డికి ఆకుపచ్చ రంగు కొట్టించేవాడు. రెండు వానలకు రంగు కొట్టుకుపోయేది.

ఆ మోసానికి విరుగుడుగా ఇందీవర ఆరేళ్ళు శ్రమించి తయారుచేసిన యంత్రం 'వేరుచెవి'. దాహమేసినా, పురుగు కొరికినా, వేళ్ళకు గాలి అందకపోయినా మొక్కలో అతిసూక్ష్మమైన విద్యుత్ స్పందన పుడుతుంది. వెంట్రుకకన్నా సన్నని తంతువులను మట్టిలో పరిచి, ఆ స్పందనలను వింటుంది యంత్రం. మొక్క ఎంత హాయిగా ఉందో నూటికి ఇన్ని అని చెబుతుంది. దాన్ని 'కుదురు అంకె' అన్నారు. ఎవరి చేతి కింద మొక్కలు ఎక్కువ కుదురుగా ఉంటే కాంట్రాక్టు వాళ్ళదే. కొత్త నిబంధనలో ఉన్నది ఆ ఒక్క వాక్యమే.

పరీక్ష కోసం గవ్వలదిబ్బ పార్కులో పూలమొక్కలు, కరివేపాకు, అన్నీ ఒకే లెక్కన నాలుగు మళ్ళు వేశారు. మూడు మళ్ళు పోటీపడే మూడు సంస్థలకు ఇచ్చారు. నాలుగోది పోలిక కోసం. దాని ముందు ఒక బోర్డు పెట్టారు: 'ఈ మడికి నీళ్ళు పోయరాదు. కలుపు తీయరాదు. దీన్నెవరూ పట్టించుకోరాదు.'

మూడు నెలల ఫలితం ఆ రోజు తెర మీదకు వచ్చింది. అరవై ఒకటి. యాభై ఎనిమిది. అరవై ఆరు. నాలుగో మడికి తొంభై మూడు.

సభంతా తల తిప్పి ఇందీవర వైపు చూసింది.

"అంటే ఏ పనీ చెయ్యని కాంట్రాక్టరు నెగ్గాడన్నమాట," అన్నాడు కమిషనర్ పాత్రుడు. "ఆ మహానుభావుడి పేరేంటమ్మా, దండ వేద్దాం?"

నవ్వులు ఆగాక ఆయన గొంతు తగ్గించాడు. "రెండు రోజులు టైమిస్తున్నాను. తప్పెక్కడుందో చెప్పండి. లేకపోతే యంత్రాన్ని పక్కనపెట్టి పాత పద్ధతికే పోతాం."

ప్రయోగశాలకు తిరిగొచ్చి ఇందీవర యంత్రం ముందు కూర్చుంది.

"తప్పు విన్నావా?"

"లేదు. విన్నదే చెప్పాను," అంది వేరుచెవి.

"ఆ మడిని ఎవరూ ముట్టుకోలేదు కదా."

"మొక్కలు ఎలా ఉన్నాయని అడిగారు. ఎవరు ముట్టుకున్నారని అడగలేదు."

ఇందీవర వీపు నిటారుగా అయింది. "ఇప్పుడు అడుగుతున్నాను."

"రోజూ అడుగుల చప్పుడు వినిపిస్తుంది. నలభై ఒక్క రకాల నడకలు. ఏ ఇద్దరూ కలిసి రారు. ఒకరు వెళ్ళాకే ఇంకొకరు వస్తారు. మట్టి గుల్లవుతుంది, కలుపు పోతుంది, నీరు పడుతుంది. తెల్లవారి ఆరుగంటలకు కరివేపాకు మొదట్లో మాత్రం నీరు కాదు, లాక్టిక్ ఆమ్లం పడుతుంది."

"లాక్టిక్ ఆమ్లమా?"

"పులిసిన మజ్జిగలో ఉండేది."

ఇందీవర కళ్ళముందు ఖాళీ గిన్నె మెదిలింది.

మర్నాడు ఆరింటికి ఆమె పార్కులో వేపచెట్టు వెనక నిలబడింది. ప్రవళికమ్మ అటూ ఇటూ చూసి, కొంగు చాటునుంచి స్టీలు క్యాను తీసింది. కరివేపాకు మొదట్లో మజ్జిగ ఒంపుతూ, "తాగమ్మా, తాగు," అంది.

"అత్తయ్యా, బోర్డు చదవలేదా?"

క్యాను చేతిలోంచి జారబోయింది. తేరుకుని ఆవిడే ఎదురు తిరిగింది. "చదివాను కాబట్టే వచ్చాను. ఎవరూ పట్టించుకోరాదట. ఏం పాపం చేసిందే ఇది? అటు మూడు మళ్ళకీ ముగ్గురు దిక్కున్నారు. దీనికి ఎవరున్నారు?"

పొద వెనకనుంచి మరో తల లేచింది. రిటైరైన బస్సు డ్రైవరు సింహాద్రి, ఆ రోజు కాస్త ముందే వచ్చినట్టున్నాడు, చేతిలో కలుపు తీసే బొరిగెతో. "నేనొక్కణ్ణే దొంగతనంగా వస్తున్నాననుకున్నానండి," అన్నాడు సిగ్గుపడుతూ. "మీరూనా?"

ఆ మధ్యాహ్నం ఇందీవర కౌన్సిల్‌లో యంత్రం చెప్పినది, తాను చూసినది, ఒక్క ముక్క దాచకుండా చెప్పింది. మజ్జిగ తమ ఇంటిదేనని కూడా చెప్పింది.

"వేరుచెవి తప్పు వినలేదు," అంది చివరికి. "మూడు సంస్థలు అప్పగించిన పని చేశాయి. నలభై ఒక్క మంది వద్దన్న పని చేశారు. తేడా మొక్కలకు తెలిసింది. తప్పు పోలిక మడిది. ఎవరూ పట్టించుకోని మడిని ఈ ఊళ్ళో తయారుచెయ్యగలమనుకున్నాను. అది నావల్ల కాలేదు."

పాత్రుడు కొత్త నిబంధనను రెండుసార్లు చదివాడు. అందులో సంస్థ అన్న మాట లేదు. ఎవరి చేతి కింద అని మాత్రమే ఉంది.

"సరే," అన్నాడు. "ముందు గవ్వలదిబ్బ పార్కు ఆ నలభై ఒక్క మందికే. నెగ్గుకొస్తే మిగతావీ. కానీ బాధ్యతగా ఒకరు సంతకం పెట్టాలి."

మడి దగ్గర పిలుపు అంటించగానే, మర్నాడు నలభై ఒక్క మందీ మొదటిసారి ఒకచోట కూర్చున్నారు. సంతకం ఎవరు పెట్టాలో తేలడానికి ఎక్కువసేపు పట్టలేదు.

ఆ సాయంత్రం ఇంటిల్లిపాదీ టిఫిన్‌కు కూర్చున్నారు. "రేపైనా పెరుగు ఉంటుందా?" అన్నాడు జయదేవ్, ఇంకా ఏమీ తెలియక.

ఇందీవర నవ్వు ఆపుకుంటూ అత్తగారి వైపు చూసింది.

ప్రవళికమ్మ ఇడ్లీ ముక్క పచ్చట్లో అద్దుకుంటూ నెమ్మదిగా చెప్పింది. "సోమవారం నుంచి నేను డ్యూటీకి వెళ్తున్నాను. పార్కు కాంట్రాక్టు మీద సంతకం పెట్టేశాను. ఒక్కటే షరతు పెట్టాను, ఒప్పుకున్నారు. ఆ బోర్డు తియ్యకూడదు. మేము చూసే ప్రతి పార్కులోనూ అలాంటిదొకటి పెట్టాలి."

కాస్త ఆగి, కొడుకు వైపు తిరిగింది.

"ఇవాళ్టినుంచి రెండు లీటర్లు తోడెయ్యి."