షూటింగ్‌కిచ్చిన ఇల్లు

"ఆపండి" అని ఎవరో అన్నారు. ఆ మాట అనాల్సిన దర్శకుడు మాత్రం అనలేదు.

అతను మానిటర్ మీంచి తలెత్తి చూశాడు. హాలు గుమ్మంలో హాస్పిటల్ యూనిఫాంతో, భుజాన బ్యాగుతో ఒకామె నిలబడి ఉంది. ఆమె చూపు హీరో మీద లేదు, హీరోయిన్ మీదా లేదు. గోడ మీదుంది.

"ఈ మేకులు ఎవరు కొట్టారు?"

"మీరెవరండీ, షాట్ మధ్యలో?" అన్నాడు మేనేజర్.

"ఈ ఇంటివాళ్ళమ్మాయిని. మేకులు కొట్టమని చెప్పి కదా మీరు ఇల్లు తీసుకుంది."

"అదేనండీ. కొట్టమన్నారనే కొట్టాం."

"'కొట్టం' అన్నది మీరండీ!" అంది ఆమె. దర్శకుడికి నవ్వాగలేదు. నవ్వి నవ్వి మెడ పట్టేసింది. "అమ్మా" అంటూ కుర్చీలో కూలబడ్డాడు.

ఆమె కోపం పక్కన పెట్టి దగ్గరికొచ్చింది. "మెడ ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?"

"ఏ మెడండీ?"

"ఉన్నది ఒక్కటేగా. నేను ఫిజియోథెరపిస్టుని. అసలు మీరు సరిగ్గా పడుకుని ఎన్నాళ్ళయింది?"

ఆ ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు. సీరియల్ ఎప్పుడు ముగిస్తారని అడిగారు, కోడలి కష్టాలు ఎప్పుడు తీరతాయని అడిగారు. నిద్ర సంగతి ఎవరికీ పట్టలేదు.

ఒకప్పుడు అతను సినిమా తీశాడు. అందరూ మెచ్చుకున్నారు, ఎవరూ చూడలేదు. తర్వాత టీవీకొచ్చాడు. సీరియల్ పట్టాలెక్కింది, ఇక దిగలేదు. పొడుగాటి కారొచ్చింది, పన్నెండో అంతస్తులో ఫ్లాటొచ్చింది. నెట్‌లో అతని ఆస్తి ఇంతని ఎవరో రాసిన అంకె చూసి అతనే నోరెళ్ళబెట్టాడు. కానీ పొద్దున తీసింది సాయంత్రానికి ప్రసారం కావాలి. పొద్దున్న లేవడం, తీయడం, ఇంటికెళ్ళి కళ్ళు మూసుకుని మర్నాటి సీన్లు చూసుకోవడం. అదీ అతని వైభోగం.

అతనికీ, రెండేసి షిఫ్టులు చేసే ఆమెకీ పెళ్ళి వయసు ఎప్పుడొచ్చిందో, ఎటు పోయిందో చూసుకునే తీరిక దొరకలేదు.

ఒకరోజు మధ్యాహ్నం వాన పట్టుకుంది. వరండా రేకుల మీద ఆ మోతకి డైలాగ్ వినబడక షూటింగ్ ఆగిపోయింది. దర్శకుడు మెట్ల మీద కూర్చున్నాడు. డ్యూటీ దిగి వచ్చిన ఆమె పై మెట్టు మీద కూర్చుని, అడక్కుండానే అతని మెడ మీద చెయ్యి వేసింది.

"బిగబట్టకండి. నేనేం పీక నులమడం లేదు."

"నులిమినా బానే ఉంటుంది. రేపటి షెడ్యూల్ తప్పుతుంది."

"నాకూ అప్పుడప్పుడు అలాగే అనిపిస్తుంది" అంది ఆమె. "రెండు షిఫ్టులయ్యాక బస్సులో సీటు దొరికితే, ఇల్లొచ్చినా దిగబుద్ధి కాదు."

వాన చినుకులు చిట్లి ఇద్దరి కాళ్ళ మీదా తుంపర పడుతోంది. ఇద్దరూ కాళ్ళు వెనక్కి తీసుకోలేదు. అంత ఓపిక ఎవరికుంది?

కింది భాగం షూటింగ్‌కిచ్చి పైన ఉంటున్న ఆమె తండ్రి, రిటైరైన లెక్కల మాస్టారు, కేకేశాడు. "ఆ కోడలు నిన్నంతా ఏడ్చింది కదయ్యా. ఇవాళ కూడానా?"

"ఇవాళ అత్తగారి వంతు మాస్టారూ."

"అలా చెప్పు. న్యాయం ఉండాలి."

ఆమె గొంతు తగ్గించింది. "నెలాఖరుకి మీ గడువు అయిపోతుందిగా. మొన్న నాన్న ఈ మెట్ల మీదే జారారు. మోకాళ్ళు సహకరించడం లేదు. ఆయన్ని కిందికి మార్చేయాలి."

"మార్చేయండి. ఖాళీ చేయించే పూచీ నాది."

ఆ మాట అన్నాక అతనికి ఎందుకో హాయిగా అనిపించింది.

నెలాఖరు ఇంకా రాకముందే ఆమె మళ్ళీ సెట్లోకొచ్చింది. ఈసారి గోడ వైపు చూడలేదు.

"ఇంకో ఏడాది ఇస్తామని నాన్న మీ మేనేజర్‌తో అన్నారట. నాకు మాటిచ్చి, నా వెనకాల ఆయన్ని ఒప్పించారా?"

అతనికి ఆ సంగతే తెలియదు. తలెత్తి చూశాడు. పై మెట్టు మీద మాస్టారు చటుక్కున చూపు తిప్పుకున్నాడు. దర్శకుడు నోట్లోకొచ్చిన మాట మింగేశాడు.

"మిమ్మల్ని నమ్మడానికి కూడా నాకు ఓపిక లేదండీ. అయినా నమ్మాను" అని ఆమె వెళ్ళిపోయింది. అరిచినా ఇంత బాధ ఉండేది కాదు.

భోజనాల వేళ అతను పైకెళ్ళాడు. "ఎందుకొప్పుకున్నారు మాస్టారూ?"

ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "మా ఆవిడ పోయాక ఈ ఇంట్లో చప్పుడు లేదయ్యా. అమ్మాయి అలిసిపోయి వస్తుంది, తింటుంది, పడుకుంటుంది. దాన్ని కూర్చుని కబుర్లు చెప్పమని ఎలా అడగను? మీరొచ్చాక ఇంతమంది మనుషులు. దానికి మాత్రం చెప్పకు. బాధపడుతుంది."

అతను చెప్పలేదు. చానెల్‌కి ఫోన్ చేసి ఇల్లు మారుద్దామన్నాడు. "రేటింగ్ ఆ ఇంటికే వస్తోంది. మార్చడానికి వీల్లేదు" అన్నారు వాళ్ళు.

మర్నాడు పొద్దున అతను కథలోని కుటుంబం చేత సామాన్లు సర్దించాడు. అత్తగారి చేత తలుపుకి తాళం వేయించాడు. కోడలి చేత గేటు దాటించాడు. సాయంత్రం వెయ్యడానికి చానెల్ దగ్గర మరో ఎపిసోడ్ లేదు. అదే వెళ్ళింది. ఇక కథ ఆ ఇంటికి తిరిగి రావడానికి దారి లేదు.

వెంటనే ఫోనొచ్చింది. "రేపట్నుంచి మీరు రానక్కర్లేదు."

"థాంక్సండీ" అన్నాడు అతను, మనస్ఫూర్తిగా.

తర్వాత కొన్నాళ్ళు నిద్రపోతూనే ఉన్నాడు. ఒక మధ్యాహ్నం కాలింగ్ బెల్ మోగింది. యూనిఫాంలోనే ఉంది ఆమె.

"నాన్న అంతా చెప్పారు. మీరెందుకు చెప్పలేదు?"

"ఆయన చెప్పొద్దన్నారు."

"నేను అన్నేసి మాటలన్నాను."

"బానే అన్నారు. మా రైటరైతే మూడు పేజీలు రాసేవాడు."

ఆమె నవ్వబోయి సోఫాలో కూర్చుంది. ప్లాస్టిక్ కవర్ కరకరలాడింది. "కవరైనా తియ్యలేదా?"

"కూర్చునే వాళ్ళు లేరు. ఈ ఫ్లాటు అమ్మేస్తున్నాను. ఓ చిన్న సినిమా తీస్తాను. ఎవరూ చూడకపోయినా సరే."

"నేను చూస్తాను. నిద్ర రాకపోతే."

అతను ఎదుట నిలబడ్డాడు. "మీరంటే నాకిష్టం. సీరియల్లో అయితే ఈ ముక్క చెప్పడానికి వారం లాగేవాణ్ణి."

"లాగకండి. పొద్దున్నే డ్యూటీ ఉంది" అంది ఆమె. కాస్త ఆగి, "నాకూ ఇష్టమే. కానీ నాన్నని వదిలి రాలేను."

"రమ్మని ఎవరన్నారు? నేనే వస్తాను."

ఆమె అతని వంక చూస్తూ చూస్తూ వెనక్కి వాలింది. "ఒక్క అయిదు నిమిషాలు" అంది. కళ్ళు మూతపడ్డాయి.

అతను చప్పుడు కాకుండా పక్కన కూర్చున్నాడు. ఆమె తల మెల్లగా అతని భుజం మీదికి ఒరిగింది. ఇంతలో ఆమె ఫోన్ మోగింది. తెర మీద 'నాన్న' అని ఉంది. అందుకున్నాడు.

"మాస్టారూ, నేను. మీ అమ్మాయి ఇక్కడ నిద్రపోయింది."

అవతల మాస్టారు గొంతు తగ్గించాడు. "లేపకు. పాపం, పగలు పడుకుని ఎన్నేళ్ళయిందో."

"లేపనండీ."

"నువ్వు కదిలితే లేస్తుంది. దానిది కోడినిద్ర. అలాగే ఉండు."

"ఎంతసేపు మాస్టారూ?"

"నిన్ను ఎవరు లేవమన్నారయ్యా" అన్నాడు ఆయన. "ఉండిపో."

"అలాగేనండీ" అన్నాడు అతను.