ఒడ్డున నిలబడే మనిషి

“మీకేటండీ, పిచ్చా?”

ఐర్లండ్‌లోని విక్లో కొండల్లో, మొత్తం గడ్డకట్టిన ఓ చిన్న సరస్సు ఒడ్డున ఆమని హేమచంద్‌ను అడిగిన మొదటి మాట అది.

హేమచంద్ నవ్వాడు. అతడు లీక్స్‌లిప్ అనే ఊళ్ళో చిప్ ఇంజినీరు. స్వీడన్‌లో ఎంఎస్ చదివేటప్పుడు సరస్సుల మీద స్కేటింగ్ నేర్చుకున్నాడు. ఐర్లండ్‌లో నీళ్ళు గడ్డకట్టడమే అరుదు. ఈ జనవరి చలికి కొండల్లో మంచు పట్టిందని తెలియగానే తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టాడు. ‘ఒడ్డున తాడు పట్టుకొని నిలబడే మనిషి కావాలె. ఎవరూ రాకుంటే ఒక్కన్నే పోత.’

ఆ చివరి మాట డ్రోహెడా ఆస్పత్రిలో డాక్టరైన ఆమనిని కుదురుగా ఉండనివ్వలేదు. ముక్కూ మొహం తెలియని మనిషి కోసం, సెలవు రోజున కారేసుకుని వచ్చేసింది.

“ఒక్కన్నే పోత అని రాస్తెనే ఎవరన్న వస్తరని రాసిన,” అన్నాడతడు.

“అంటే నాలాంటి వెర్రిది దొరుకుతుందనా?”

“డాక్టర్ దొరుకుతదనుకోలే. లక్కు!”

సంచిలో చుట్టిన తాడు ఆమె చేతికిచ్చాడు. “నేను పడితే ఇది ఇసిరెయ్యండి. ఏమైనా సరే మీరు మాత్రం మంచు మీదికి రావొద్దు. ప్రామిస్?”

“బతిమాలినా రాను.”

పొడవాటి కర్రతో మంచును పొడిచి చూసుకుంటూ దిగాడు. కాసేపటికి అతడు జారుతుంటే కింద మంచు బిగుసుకుంటూ సన్నగా మోగింది. ఆమని ఉలిక్కిపడింది. అతడు మాత్రం గాలిలో తేలుతున్నట్టు తిరిగి, ప్రతి మలుపులోనూ ఒడ్డు వైపు చూశాడు. చూస్తోందా లేదా అని. ఆమె చూస్తూనే ఉంది. దొరికిపోయి స్కార్ఫ్ సర్దుకుంది.

తర్వాత ఆమె ఫ్లాస్కులోని అల్లం టీ ఇద్దరూ పంచుకున్నారు.

“మీదే ఊరు?”

“భీమిలి.”

“సముద్రం పక్కన పుట్టి నీళ్ళంటే గింత భయమా?”

ఆమె ఫ్లాస్కు మూత బిగించింది. అతడు మళ్ళీ అడగలేదు. అడగనందుకే ఆమెకు నచ్చాడు.

మర్నాడూ వచ్చింది. “టీ కోసం నన్ను పిలుస్తున్నారా, తాడు కోసమా?” అని వెక్కిరించింది కూడా.

“రెండింటి కోసం కాదు,” అన్నాడు హేమచంద్, ఎర్రబడిన చెవుల మీదికి టోపీ లాక్కుంటూ.

ఆ రోజు కాస్త ఎండ కాసింది. అవతలి మూల, వాగు వచ్చి సరస్సులో కలిసే చోట మంచు పలచబడిందని అతడు గమనించలేదు. ఆమెకేసి చెయ్యి ఊపుతూ వెళ్ళి, చెయ్యి ఊపుతూనే మునిగిపోయాడు.

ఆమని అరవలేదు. గట్టు వెంట పరుగెత్తింది. మొదటిసారి విసిరిన తాడు అందలేదు. రెండోసారి అందింది.

“హేమచంద్! నన్నే చూడు! కాళ్ళు తన్ను! లెగకు, పొట్ట మీద పాకు!”

మడమలు గట్టున తన్నిపెట్టి, వెనక్కి వాలి లాగింది. మంచు విరిగింది, మళ్ళీ విరిగింది, చివరికి ఆగింది. అతడు పాకుతూ ఒడ్డుకు వచ్చాడు.

కారులో ఆమె అచ్చంగా డాక్టరు. తడి బట్టలు తీయించింది, దుప్పట్లు చుట్టింది, హీటరు పెంచింది, నాడి చూసింది. స్టీరింగు తనే పట్టింది.

“ఐ యామ్ గ్రాండ్,” అన్నాడతడు, బాగానే ఉన్నానని ఐరిష్ వాళ్ళు చెప్పినట్టు, పళ్ళు టకటకలాడుతుంటే.

“మాట్లాడకు! నిన్ను ఆస్పత్రిలో చూపించేదాకా నోరెత్తకు.”

కొండ దిగాక ఆమె వేగం తగ్గించింది. కారు పక్కకు ఆపింది.

“మా అన్నయ్య,” అంది, అద్దంలోంచి రోడ్డుకేసి చూస్తూ. “భీమిలి బీచ్‌లో. నేను వాడి చెప్పులు, ఫోను పట్టుకుని ఒడ్డున నిలబడ్డాను. చెయ్యి ఊపేడు. ఆడుతున్నాడనుకున్నాను. నేనూ ఊపేను.”

ఆమె హీటరు ఇంకాస్త పెంచింది.

“అమ్మని పట్టుకోవాలి కదా. అందుకని నేను ఏడవలేదు. తర్వాత ఏడుపే రాలేదు.”

“ఆమనీ,” అన్నాడు హేమచంద్. “ఇది చెప్పే టైం కాదు, తెలుసు. నువ్వంటే నాకు...”

“తెలుసు. నాక్కూడా. కానీ ఇవాళ కాదు. ఇవాళ నన్ను మా అన్నయ్య కోసం ఏడవనీ.”

అతడు దుప్పట్లోంచి చెయ్యి చాపాడు. ఆమె ఆ చేతిని పట్టుకుని, సిగ్గు విడిచి, గొంతు విడిచి ఏడ్చింది. పక్కనుంచి పోతున్న కారొకటి వేగం తగ్గించి చూసి వెళ్ళిపోయింది.

ఏడుపు కాస్త తగ్గాక అతడు మెల్లగా అడిగాడు. “ఎట్లుండేటోడు మీ అన్న?”

ఆమని ముక్కు తుడుచుకుంది.

“తేజేశ్వర్ వాడి పేరు. దొంగవెధవ. అమ్మ చేసిన బూరెలు తినేసి, నా పేరు చెప్పేవాడు...”

చెబుతూ నవ్వింది. నవ్వుతూ మళ్ళీ ఏడ్చింది. కారు స్టార్ట్ చేసి, ఆస్పత్రి దాకా అన్నయ్య గురించే చెప్పింది.