పై గీత దాటిన ఆయిల్

"మళ్ళీ వచ్చారా?" అంది ఆమె, కారు కింద నుంచే.

కాళ్ళు చూసి మనిషిని గుర్తుపట్టడం షెడ్డులో పెరిగినవాళ్ళకు దానంతటదే వచ్చే విద్య. పాలిష్ చేసిన ఆ నల్ల బూట్లు కళ్ళజోళ్ళ షాపతనివే.

"వచ్చింది నేను కాదండీ, నా కారు. నేను తోడొచ్చానంతే."

"ఏమంటోంది?"

"పాత పాటే. ఆయిల్ కారుతోంది."

ఆమె జరుక్కుంటూ బయటికి వచ్చింది. బుగ్గ మీద గ్రీజు మరక ఉంది. చెప్పాలా వద్దా అని అతను కాసేపు తర్జనభర్జన పడ్డాడు. చెబితే తుడిచేసుకుంటుంది. అందుకని చెప్పలేదు.

షెడ్డు ఆమె నాన్నది. మోకాళ్ళు అరిగిపోయి ఆయన గుమ్మం పక్క కుర్చీకి పరిమితమయ్యారు గానీ, నోటికి మాత్రం ఏ అరుగుదలా లేదు. వానలు మొదలైన రోజున కూతురితో ఒక మాట అన్నారు. "నువ్వు చేసి పంపిన బండి అదే జబ్బుతో తిరిగి రాకూడదమ్మా. నేను విసుక్కునేలోపు నేర్చుకో. వానలు వెళ్ళాక షెడ్డు తాళాలు నీ చేతికిస్తా. లేదంటావా, పక్కన టైర్ల షాపాయన ఈ స్థలం ఎప్పట్నుంచో అడుగుతున్నాడు."

ఊళ్ళోని బండ్లన్నీ ఆమెకు సహకరించాయి, ఈ ఒక్కటి తప్ప. ముందు ఇంజన్ మూత కింది ప్యాకింగ్ మార్చింది. తర్వాత ఫిల్టర్ సీలు. ఆ తర్వాత అడుగు బోల్టు వాషర్. ప్రతిసారీ ఇంజన్ కింద శుభ్రమైన అట్టముక్క పరిచి, దాని మీద చుక్క పడలేదని చూసుకున్నాకే పంపింది. ప్రతిసారీ నల్లబూట్లు తిరిగొచ్చాయి.

"ఒక మాట అడుగుతాను, నిజం చెప్పండి. మీరేమైనా బోల్టు వదులు చేస్తున్నారా?"

"నేనా? ఎందుకు?"

"ఎందుకో మీకే తెలియాలి."

కుర్చీలోంచి నాన్నగారు అవసరానికి మించి దగ్గారు.

"మెకానిక్ గారూ, నా పని చూపు పరీక్షించడం. చూపులు కలపడం కోసం ఇంజన్ పాడుచేసుకునేంత తీరిక నాకు లేదు."

అనుమానం తీరినందుకు ఆమె సంతోషించాలి. కానీ ఒళ్ళు మండింది. ఆ మంటలో బానెట్ ఎత్తి, ఏ పానా తీయాలో తోచక నాలుగు పానాలు తీసింది.

చేసేదేమీ లేక అతను ఇంజన్‌లోంచి ఒక సన్నటి కడ్డీ పైకి లాగాడు. "ఇదేమిటండీ?"

"ఆయిల్ కొలిచేది. తీసినచోట పెట్టండి."

"దీని మీద రెండు గీతలున్నాయి."

"చదివి వినిపించడాలు మీ షాపులో."

"ఆయిల్ పై గీత దాటి ఉంది. దాటొచ్చా?"

ఆమె కడ్డీ లాక్కుంది. గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి తీసింది. దాటే ఉంది. కారే బండిలో ఆయిల్ తగ్గుతుంది గానీ పెరుగుతుందా అన్న ధీమాతో, తను గీత దాకా పోసి పంపింది కదా అన్న నమ్మకంతో, ఇన్నిసార్లలో ఒక్కసారీ ఆ కడ్డీ తీసి చూసిన పాపాన పోలేదు.

"ఎవరో పోస్తున్నారు," అంది నెమ్మదిగా.

"మా ఇంట్లో ఉండేది నేనూ, అమ్మా."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే సన్నటి జల్లులో ఆమె అతనింటి గేటు తీసింది. వాళ్ళమ్మ ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో డబ్బా పట్టుకుని, గరాటులోంచి ఇంజన్‌లోకి ఆయిల్ పోస్తోంది. గొడుగు తనకు కాదు, ఇంజన్‌కి.

"ఆంటీ, ఏం చేస్తున్నారు?"

"నువ్వేనామ్మా ఆ షెడ్డమ్మాయివి? చూడు, మావాడికి బొత్తిగా బాధ్యత లేదు. కారుతోంది, కారుతోంది అని ఒకటే గోల. కారినంతా తిరిగి పోయాలని మాత్రం తోచదు. వాడు స్నానానికి వెళ్ళగానే నేనే కాస్త పోస్తుంటాను."

"కాస్త అంటే ఎంత?"

"కొలతలేమిటి, చేతి అంచనా! ఇన్నేళ్ళు వంట చేయలేదూ?"

ఆమె ఓపిగ్గా చెప్పింది. "ఎక్కువైతే లోపల చిలికినట్టయి నురగ వస్తుందండీ. ఒత్తిడి పెరిగి, ఏ సందు దొరికితే ఆ సందులోంచి తన్నుకొస్తుంది. మీరు పోసేకొద్దీ కారుతుంది."

"కారేకొద్దీ నేను పోస్తున్నాను," అని వాళ్ళమ్మ మిగతాది పూర్తిచేసింది. అంతలో తల తుడుచుకుంటూ కొడుకు వచ్చాడు. "చూశావురా? తప్పంతా నీదే. కారుతోందని నాకెందుకు చెప్పావు?"

అతను ఇంకా కళ్ళజోడు పెట్టుకోలేదు. ఎదురుగా ఉన్నదెవరో తెలుసుకోవడానికి కావలసినదానికంటే కాస్త ఎక్కువే దగ్గరికి వచ్చాడు. జల్లు పెరిగింది. ఆమె వెనక్కి జరగలేదు. వాళ్ళమ్మ మాత్రం గొడుగు ఇంజన్ మీద నుంచి తీయలేదు.

ఆ తర్వాత కారు బుద్ధిగా ఉంది. అదే చిక్కు. అతను షాపుకు వెళ్తూ షెడ్డు ముందు వేగం తగ్గించేవాడు.

"బాగుందా?" అనేది ఆమె.

"బాగుంది."

"కారట్లేదా?"

"చుక్క కూడా లేదు."

"సంతోషం."

"సంతోషం."

పరామర్శకు వచ్చినవాళ్ళు కూడా ఇంతకంటే హుషారుగా మాట్లాడుకుంటారు.

వానలు వెళ్ళిపోయాయి. నాన్నగారు తాళాలగుత్తి ఒళ్ళో పెట్టుకుని కూతుర్ని పిలిచిన పొద్దునే ఆ కారు లోపలికి వచ్చి ఆగింది. కింద టప్‌మని ఒక చుక్క పడింది. వెనకే ఇంకొకటి.

గుత్తి మీద పెద్దాయన వేళ్ళు ముడుచుకున్నాయి. "అదే జబ్బు. మాటంటే మాటేనమ్మా. టైర్ల షాపాయనకి ఫోన్ కలుపు."

ఆమె చేతిలో పానా గోడకు తగిలించి, ఖాళీ చేతుల్ని ఊరికే తుడుచుకుంటూ నిలబడింది.

అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. "టైర్లకేమైంది? ఫోన్ ఎందుకు?"

"మా అమ్మాయి చేసిన బండి తిరిగొస్తే షెడ్డు ఆమెకి రాదు బాబూ."

అతని ముఖం పాలిపోయింది. "అంకుల్, ఆగండి! బండిది తప్పు కాదు. ఆవిడదీ కాదు."

"మరి మీ అమ్మగారిదా?"

"కాదండీ. నాది. రాత్రి నేనే పోశాను."

కింద ఇంకో చుక్క పడింది.

"పొరపాటునా?" అంది ఆమె.

"చూసుకునే పోశాను. పై గీత దాటేదాకా. కారకపోతే ఇక్కడ ఆగడానికి నాకు కారణం లేదు. వేరే కారణం చెప్పడానికి ధైర్యం లేదు."

"ఇంజన్ పాడైపోతే ఏం చేసేవారు?"

"రోజూ వచ్చేవాణ్ణి."

ఆమె కడ్డీ లాగి గీతలు చూసింది. చూడాల్సినదానికంటే ఎక్కువసేపే చూసింది. "బండి బాగానే ఉంది నాన్నా. నడిపే మనిషికే రిపేరు."

పెద్దాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, గుత్తి కూతురి చేతిలో పెట్టారు. "ఇలాంటి కేసు నా కాలంలో రాలేదు. ఓనరమ్మ చూసుకోవాలి." కుర్చీని వీధి వైపు తిప్పించుకుని కూర్చున్నారు.

ఆమె ఎక్కువైన ఆయిల్ తీసేసి, కొత్త అట్టముక్క ఇంజన్ కింద పరిచింది. "రేపు వచ్చి చూడండి."

"కారకపోతే?"

"కారకపోయినా రండి," అంది. ఆపైన, బుగ్గ మీది గ్రీజు తుడుచుకోబోతూ అతని చూపు గమనించి, చెయ్యి దించేసింది.