రిలేటివ్ అయితేనే మంచిది

వెబ్‌సైట్ టెంప్లేట్లు తయారుచేసే ఆ ఆఫీసులో అతగాణ్ణి అందరూ పిక్సెల్ అనే పిలుస్తారు. పేజీ రూపురేఖలు రాసే స్టైల్‌షీట్‌లో ప్రతి కొలతా పిక్సెళ్లలో, అంటే తెర మీది చుక్కల లెక్కన, బిగించేసి, ఇక ఎవరు కదిపినా కదలకూడదంటాడు. టెస్టింగ్‌కి కొత్తగా వచ్చిన అమ్మాయి, బ్రౌజర్ సెట్టింగులో అక్షరాలు పెద్దవి చేసి అతని పేజీ తెరిచింది. పేజీలో ఒక్క అక్షరం పెరిగితే ఒట్టు.

"మీ అక్షరాలు అచ్చం మీలాగే. ఉలకవు, పలకవు," అంది.

అతనికి ఒళ్లు మండింది. చదివేవాళ్ల సెట్టింగుని బట్టి కొలతలు పెరగాలి, రిలేటివ్‌గా ఉండాలి అని ఆమె. డిజైన్ పాడైపోతుంది, ఫిక్స్‌డ్‌గానే ఉండాలి అని అతను. వారాల తరబడి వాదించుకున్నారు. ఆమె సెలవు పెట్టిన రోజు గొంతులో ముద్ద దిగడం లేదని గ్రహించేసరికే పిక్సెల్ గారి పని అయిపోయింది.

ఇవాళ ఎలాగైనా చెప్పేద్దామని కాఫీ మెషీన్ దాకా వెళ్లాడు. కిటికీలోంచి వాన చూస్తూ ఆమె ఫోన్లో మాట్లాడుతోంది.

"ఫిక్స్‌డ్ వద్దన్నయ్యా, నాన్నకి కష్టమవుతుంది. రిలేటివ్ అయితేనే మంచిది. ఇంట్లో అందరికీ సర్దుకుపోతుంది."

అతని గుండెలో రాయి పడింది. పొద్దస్తమానం ఆ రెండు మాటలతో కుస్తీ పట్టేవాడికి కూడా ఆ క్షణాన రిలేటివ్ అంటే చుట్టమనే తోచింది. పెళ్లి సంబంధం మాటే, మేనబావే అయ్యుంటాడు. మేనబావలకి ఇంకేం పనుంటుంది కనక.

మధ్యాహ్నమంతా ఊహలోనే ఆ బావకి మీసం పెట్టాడు, కారు కొనిచ్చాడు, కుళ్లుకున్నాడు. ఆ ధ్యాసలో అక్షరం కొలతకి ఒక సున్నా ఎక్కువ కొడితే హెడ్డింగ్‌లోని మొదటి అక్షరమే స్క్రీనంతా ఆక్రమించింది. అది చూసి ఆమె దగ్గరికొచ్చి, ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

"మీ బావ ఏం చేస్తుంటాడు?" అన్నాడు.

"ఏ బావ?"

"ఫోన్లో అన్నారుగా, రిలేటివ్ అయితేనే మంచిదని."

ఆమె కాసేపు అయోమయంగా చూసి, నవ్వాపుకోలేక పక్క కుర్చీలో కూలబడింది. అన్నయ్య తన పుస్తకాల షాపుకి సైట్ పెట్టుకుంటున్నాడట. నాన్నకి చూపు మందగించింది, అక్షరాలు పెద్దవి చేసుకుంటే తప్ప చదవలేరు. అందుకే కొలతలు రిలేటివ్‌గా ఉండే టెంప్లేట్ తీసుకోమని చెప్పిందట.

అతనికి ఊపిరైతే వచ్చింది గానీ ధైర్యం రాలేదు. ఇప్పుడు నోరు విప్పకపోతే ఇంకెప్పటికీ విప్పలేనని భయమేసింది.

"నిజంగానే బావేమోనని ప్రాణం పోయింది," అన్నాడు. "మీరంటే నాకిష్టం. మీరు కాదంటే రేపట్నుంచి ఎవరితో పోట్లాడాలో తెలీదు."

ఆమె నవ్వు ఆగిపోయింది. కుర్చీ అంచు గోటితో గీస్తూ తలొంచుకుంది. ఆ కాసేపట్లో అతను చచ్చి బతికాడు.

"ఆదివారం మా ఇంటికి రండి. నాన్న ఏదైనా దగ్గరికి తెచ్చుకుని నిదానంగా చూస్తారు. మిమ్మల్నీ అలాగే చూస్తారు. కంగారు పడకండి."

"నేనెవరని అడిగితే ఏం చెప్పను?"

"మీరేం చెప్పకండి," అంది. "అది నేను చెప్తాను."