వణికే నేలకు మూడు ఫ్లెక్సీలు

"మళ్ల తప్పే," అంది యుమ్నా.

నా ఫ్లెక్సీ దుకాణంలో, టేబుల్ మీద పరిచిన కొత్త ఫ్లెక్సీకి ఎర్ర పెన్ను గురిపెట్టి నిలబడింది. మంచిర్యాలలో మా దుకాణానికి సరిగ్గా ఎదురుగానే వాళ్ల నాన్న నిజాముద్దీన్ చాచా బట్టల కొట్టు. ఆమె కాలేజీలో ఇంగ్లీషు చెబుతుంది. నా బోర్డుల్లో ఇంగ్లీషు చూసిపెట్టమని ఒకప్పుడు నేనే బతిమాలాను. ఆ రోజు నాకేం పుట్టిందో ఇప్పటికీ తెలియదు.

"మొన్న స్వాంప్ అని రాస్తే తప్పన్నవ్," అన్నాను పళ్లు కొరుకుతూ.

"స్వాంపుల చెట్లుంటయి అవేజ్. రాంచందర్ కాక చెప్పిన జాగల ఒక్క చెట్టు లేదు."

"సరే, మార్ష్ అని మార్చిన."

"మార్ష్ అంటే గడ్డి మొలిచి నీళ్లు నిలిచే నేల. పాత ఇంగ్లీషుల మెర్ష్ అనేటోళ్లు. చెరువుకు, సముద్రానికి వాళ్లనే పాత మాటలకు చుట్టమైతది. వెయ్యేండ్ల కింద..."

"యుమ్నా! బర్రెలు వెయ్యేండ్ల చరిత్ర చదువుతయా?"

"బోర్డు బర్రెలకు కాదు. మనుషులకు."

ఇలాంటి మనిషితో ఎవరైనా ఎలా వేగుతారు చెప్పండి. లక్సెట్టిపేట దగ్గర, ఎండాకాలం గోదావరి నీళ్లు వెనక్కి పోయిన చోట నేల పైకి ఎండినట్టే కనిపిస్తుంది. కింద అంతా బురద. పోయిన నెల అక్కడి రైతు రాంచందర్ కాక బర్రె ఒకటి అందులో దిగబడి చచ్చిపోయింది. ఫోటోల కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వస్తున్నారని, మూడు భాషల్లో బోర్డు కొట్టియ్యమన్నాడు. తెలుగులో ఊబి, ఉర్దూలో దల్‌దల్. రెండూ రెండు నిమిషాల్లో రాశాను. ఇంగ్లీషుకు మూడు వారాలు పట్టింది.

నాకు కోపం వచ్చిందని ఆమెను రావద్దనగలనా? అనలేను. రెండేళ్లుగా నాకు యుమ్నా అంటే ప్రాణం. ఈ ఆదివారం ఆదిలాబాద్ నుంచి ఆమెకు రిష్తా, అదే పెళ్లి సంబంధం, వస్తోంది. ఆ మాట ఆమే నాకు మూడు సార్లు చెప్పింది. మూడు సార్లూ నేను "అచ్ఛా" అన్నాను. లోపల గుండె పగిలిపోతుంటే పైకి వచ్చింది ఆ ఒక్క ముక్కే.

"ఇంకో మాటుంది," అంది యుమ్నా. "క్వాగ్‌మైర్. మైర్ అంటే బురద. ఉత్తరం దిక్కు దేశాల నుంచి ఇంగ్లీషులకొచ్చింది. క్వాగ్ అంటే వణికే నేల. కాలు పెడితే ముందు వణుకుతది, తర్వాత మింగుతది."

"బాగుంది. ప్రింటు కొట్టేస్తున్న."

"ఆగు. వణుకుతదో లేదో చూడకుండ ఎట్ల రాస్తవ్?"

చూడాలట! నేల వణుకుతుందో లేదో చూడాలట! అయినా ఆ మాటతోనే మూడో ఫ్లెక్సీ కొట్టి, శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరం బయలుదేరాం. ఆమె స్కూటీ మీద, నేను నా బండి మీద. పనికిరాని స్వాంప్ ఫ్లెక్సీ, మార్ష్ ఫ్లెక్సీ కూడా వెనక కట్టుకున్నాను. వడ్ల కుప్ప మీద కప్పుకుంటానని రాంచందర్ కాక అడిగాడు.

కాక చేతిలో పొడుగు కట్టెతో మా కోసం ఎదురుచూస్తున్నాడు. "చెప్పులిడువుండ్రి. ఉత్త కాళ్లకే తెలుస్తది. కట్టెతోని గుచ్చి, నేల కదుల్తలేదని చూసుకోని అడుగెయ్యాలె," అన్నాడు.

"గిదంతా ఎండిపోయింది గద కాకా!" అన్నాను. మూడు వారాల విసుగు అంతా నెత్తికెక్కింది. బూట్లతోనే టకటకా పది అడుగులు వేసి వెనక్కి తిరిగాను. "చూడు యుమ్నా! గట్టి నేల! నీ క్వాగ్ లేదు, గీగ్ లేదు!"

కాళ్ల కింద నేల సన్నగా ఊగింది. బూట్ల వల్ల ఎప్పటి నుంచి ఊగుతోందో నాకు తెలియలేదు. మరుక్షణం మోకాళ్ల దాకా దిగిపోయాను. ఒక కాలు లాగబోతే తొడల దాకా వచ్చింది.

"వణికిందా?" అని అరిచింది యుమ్నా.

"వణికింది!"

"కదలకు బిడ్డా!" అన్నాడు కాక. "కొట్టుకుంటే ఇంకింత దిగుతవ్. ఎన్కకు ఒరుగు." నా బండి మీది పాత ఫ్లెక్సీలు రెండూ తీసుకుని, కట్టెతో గుచ్చుకుంటూ వచ్చి నా ముందు పరిచాడు. వడ్ల కోసం తెచ్చినవి నాకే పనికొచ్చాయి.

యుమ్నా గట్టున నిలబడి ఏడుస్తోంది. ఏడుస్తూనే తిడుతోంది.

"గీ నేలకున్న తెలివి గూడ లేదు నీకు! అదన్న మింగే ముందు వణికి చెప్తది. రెండేండ్ల సంది నువ్వు నోరు తెరువవ్. రిష్తా వస్తుందని మూడు సార్లు చెప్పిన. మూడు వారాల సంది ఏదో ఒక తప్పు తీస్కుంట నీ దుకాణం చుట్టు తిరుగుతున్న. ఎందుకనుకున్నవ్?"

"అంటే... మార్ష్ తప్పు కాదా?"

"మార్ష్ అని రాసినా నడుస్తుండె!"

తొడల దాకా బురదలో ఉన్నాను కాబట్టి పారిపోయే దారి లేదు. "నువ్వంటే నాకు పాణం యుమ్నా. నిన్నే నికా చేసుకుంట. ఆదిలాబాదోళ్లను రానియ్య."

"చెప్పుడైందా?" అన్నాడు కాక కట్టె అందిస్తూ. "అయితే ఇగ బోర్ల పడి పాకు."

స్వాంప్ మీదా మార్ష్ మీదా పొట్టతో పాకి, బూట్లు అక్కడే వదిలి బయటపడ్డాను.

బురద ఆరకముందే మంచిర్యాల చేరి, చాచా కొట్టు ముందు నిలబడ్డాను.

"లోపలికి రాకు, బట్టలు ఖరాబైతయి," అన్నాడు చాచా. నేను చెప్పాల్సింది మెట్ల మీద నుంచే చెప్పాను. చాచా నన్ను పైనుంచి కింది దాకా చూసి నిట్టూర్చాడు. "రెండేండ్ల సంది మీ ఇద్దర్ని చూసి పరేషానైతున్న. ఇయ్యాలనే మీ అమ్మీని తోలియ్యి. ఆమె వచ్చి అడిగితె ఆదిలాబాదోళ్లకు నేను ఫోన్ చేస్త."

అమ్మీ ఆ సాయంత్రమే వెళ్లి అడిగింది, చాచా ఆదిలాబాద్‌కు ఫోన్ చేశాడు. నాలుగో ఫ్లెక్సీ మరునాడు కొట్టాను. అందులో ఆ నేలకు ఏ పేరూ పెట్టలేదు. కాళ్ల కింద నేల వణికితే వెనక్కి రండి అని మూడు భాషల్లో ఉంది, అంతే.

యుమ్నా ఇంగ్లీషు రెండు సార్లు చదివి, ఎర్ర పెన్నుకు మూత పెట్టింది.

"తప్పేం లేదు. ఇగ నేను దుకాణంకు ఏం పని మీద రావాలె?"

"షాదీ కార్డు ఇంగ్లీషు నేనే రాసిన," అన్నాను.

ఆమె పెన్ను మూత మళ్లీ తీసింది.